రేపు పుట్టబోయే టేబుల్‌కు ఈరోజే అనుమతి

ప్రతి నెలా మొదటి పనిదినాన ఉదయం తొమ్మిది గంటలకు మా రిపోర్టుల విభాగం నుంచి నాకు ఫోన్ వచ్చేది. "మొన్నటి దాకా వచ్చిన రిపోర్టు ఈరోజు రావడం లేదు మేడమ్, పర్మిషన్ డినైడ్ అంటోంది" అని అవతలి వారు చెప్పేవారు. నేను అప్పట్లో పనిచేస్తున్నది చిన్న రుణాలు ఇచ్చే ఒక సంస్థలో. దాని సమాచారమంతా పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో, వరుసలు, గడులు ఉన్న టేబుళ్లుగా ఉండేది. అలాంటి టేబుళ్లు వెయ్యికి పైగా ఉండేవి. వాయిదాల వసూళ్ల వివరాలు దాచడానికి ఒక ప్రోగ్రామ్ ప్రతి నెలా ఒకటో తేదీన కొత్త టేబుల్ తయారుచేసేది. ఆ టేబుల్‌ను చదివే హక్కు రిపోర్టుల యూజర్లలో ఎవరికీ ఉండేది కాదు. నేను లాగిన్ అయి, పదకొండు మంది యూజర్ల పేర్లు వరుసగా రాసి, సెలెక్ట్ హక్కును, అంటే చదివే హక్కును, గ్రాంట్ చేసి (ఇచ్చి), టికెట్ మూసేదాన్ని.

ఆరు నెలలు ఇలాగే గడిచాయి. ఏడో నెలలో, తొందరలో, సెలెక్ట్ అని రాయవలసిన చోట ఆల్ అని రాశాను. అంటే చదవవలసిన పదకొండు మందికీ ఆ నెల వసూళ్ల వరుసలను మార్చే హక్కు, తుడిచేసే హక్కు, టేబుల్‌ను మొత్తంగా ఖాళీ చేసే హక్కు కూడా వచ్చేశాయి. మూడు వారాల తర్వాత వేరే పని మీద ఆ టేబుల్ అనుమతులు చూస్తున్నప్పుడు నాకే అది కనిపించింది. అదృష్టవశాత్తు ఎవరూ దేన్నీ చెరపలేదు. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఒక మనిషి వాయిదా కట్టినట్టు చెప్పే వరుస చెరిగిపోతే, కట్టలేదని అతని ఇంటికి వెళ్లే వసూలు ఏజెంటుకు ఆ సంగతి ఎలా తెలుస్తుంది?

ఆ తర్వాత నేను మూలం వెతకడానికి కూర్చున్నాను. నాకు ముందు ఆ బాధ్యత చూసిన సహోద్యోగి ఆల్టర్ డిఫాల్ట్ ప్రివిలేజెస్ అనే ఆజ్ఞను ఎప్పుడో ఇచ్చే ఉన్నారు. ఇకపై తయారయ్యే టేబుళ్ల మీద ఫలానా రోల్‌కు (హక్కులు పొందే యూజరు లేదా గ్రూపు పేరుకు) ఫలానా హక్కు తనంతట తానే రావాలని చెప్పే ఆజ్ఞ అది. 2010లో విడుదలైన పోస్ట్‌గ్రెస్ 9.0తో అది అందుబాటులోకి వచ్చింది. ఒక స్కీమాలోని, అంటే టేబుళ్లను గుంపుగా పెట్టుకునే విభాగంలోని, టేబుళ్లన్నిటికీ ఒకే వాక్యంతో గ్రాంట్ ఇచ్చే సౌకర్యం కూడా ఆ వెర్షన్‌తోనే వచ్చింది. అంతకు ముందు, డేటాబేస్ తన వివరాలు తానే దాచుకునే కేటలాగ్ నుంచి టేబుళ్ల పేర్లు తీసి పేరుకొక గ్రాంట్ వాక్యం పుట్టించే స్క్రిప్టులతో పని నడిచేది. ఈ రెండు ఆజ్ఞలూ చూడటానికి ఒకలాగే ఉన్నా వాటి పరిధులు వేరు. ఆల్ టేబుల్స్ ఇన్ స్కీమా అన్నది ఆ క్షణాన ఉన్న టేబుళ్లకు మాత్రమే వర్తిస్తుంది, మరుసటి నిమిషం పుట్టిన టేబుల్‌కు వర్తించదు. డిఫాల్ట్ ప్రివిలేజెస్ అన్నది ఇకపై పుట్టేవాటికే వర్తిస్తుంది, ఇప్పటికే ఉన్నవాటిని తాకదు. రెండూ ఇస్తేనే పని పూర్తవుతుంది.

డిఫాల్ట్ ప్రివిలేజెస్ ఇచ్చి ఉన్నా మరి కొత్త టేబుల్ మీద హక్కు ఎందుకు రావడం లేదు? పోస్ట్‌గ్రెస్‌కు ఆజ్ఞలు ఇచ్చే పీఎస్‌క్యూఎల్ అనే సాధనంలో, డిఫాల్ట్ హక్కులను చూపే బ్యాక్‌స్లాష్ డీడీపీ కొట్టి చూస్తే మొదటి గడిలోనే కారణం కనిపించింది. ఓనర్ అన్న చోట పోస్ట్‌గ్రెస్ అన్న పేరు ఉంది. డిఫాల్ట్ హక్కులు స్కీమాకు అంటుకుని ఉంటాయని చాలామంది అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను. నిజానికి అవి టేబుల్‌ను తయారుచేసే రోల్‌కు అంటుకుని ఉంటాయి. ఆ సహోద్యోగి అన్ని హక్కులూ ఉన్న పోస్ట్‌గ్రెస్ అనే సూపర్‌యూజర్‌గా లాగిన్ అయి, ఏ రోల్ తయారుచేసే టేబుళ్లకో చెప్పకుండా ఆజ్ఞ ఇచ్చారు. కాబట్టి పోస్ట్‌గ్రెస్ యూజర్ స్వయంగా తయారుచేసే టేబుళ్లకే అది వర్తించింది. నెలవారీ టేబుళ్లను తయారుచేసే ప్రోగ్రామ్‌కు వేరే లాగిన్ ఉంది. ఆజ్ఞలో "ఫర్ రోల్" అని చేర్చి ఆ లాగిన్ పేరు రాయగానే వచ్చే నెల ఫోన్ రాలేదు. ఒక్క మాట లోపించడం వల్ల ఎన్ని నెలల ఉదయాలు పోయాయో తలచుకుంటే, ఈ సంగతిని పెద్ద అక్షరాలతో రాసి ప్రతి డీబీఏ (డేటాబేస్ నిర్వాహకుల) బల్ల ముందు అంటించాలనిపిస్తుంది.

నెలకొక టేబుల్ అన్న పద్ధతి గురించి ఒక మాట చెప్పి ముందుకు వెళతాను. 2017లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 10 నుంచి ఒక టేబుల్‌ను తేదీల వారీగా భాగాలు చేసుకునే పార్టిషన్ సౌకర్యం నేరుగా ఉంది. తల్లి టేబుల్ పేరుతో అడిగినప్పుడు తల్లి మీద ఉన్న హక్కునే చూస్తుంది, భాగాల మీద వేరే హక్కు అక్కర్లేదు. మా టేబుళ్లు ఆ రూపంలో ఉంటే ఈ సమస్యే పుట్టేది కాదు. కానీ రిపోర్టులన్నీ నెల పేరుతో ఉన్న టేబుళ్లనే నేరుగా అడిగేవి కాబట్టి, వాటన్నిటినీ తిరగరాసేదాకా ఆగలేక, ఉన్న పద్ధతిలోనే అనుమతులను సరిచేసుకోవలసి వచ్చింది.

అప్పటి నుంచి ఎక్కడ ఏ అనుమతుల ఏర్పాటు చూసినా నేను రెండు ప్రశ్నలు వేస్తున్నాను. రేపు పుట్టే టేబుల్‌కు ఇక్కడ ఏమవుతుంది? నిన్న ఉద్యోగం మానేసి వెళ్లిన మనిషి హక్కులు ఏమవుతాయి? ఈరోజు ఉన్న టేబుళ్లను, ఈరోజు ఉన్న మనుషులను మాత్రమే చూస్తే ఎటువంటి ఏర్పాటైనా బాగానే పనిచేస్తున్నట్టు కనిపిస్తుంది.

మొదటి ప్రశ్నకు జవాబు దొరికాక, రెండో దాని కోసం ఉన్న అనుమతులన్నిటినీ లెక్క తీశాను. పోస్ట్‌గ్రెస్‌లో ప్రతి టేబుల్ అనుమతులూ పీజీ_క్లాస్ కేటలాగ్‌లో రెల్ఏసీఎల్ అనే ఒక గడిలో అక్షరాలుగా ఉంటాయి. ఆర్ అంటే చదవడం, ఏ అంటే చేర్చడం, డబ్ల్యూ అంటే మార్చడం, చిన్న డీ అంటే తుడవడం, పెద్ద డీ అంటే ఖాళీ చేయడం. గడి పూర్తిగా ఖాళీగా ఉంటే హక్కులేవీ లేవని కాదు, డిఫాల్ట్ హక్కులు ఉన్నాయని, అంటే టేబుల్ విషయంలో ఓనర్‌కు అన్నీ ఉన్నాయని అర్థం. ఏసీఎల్‌ఎక్స్‌ప్లోడ్ అనే ఫంక్షన్‌తో ఆ గడులను విడగొడితే, ఎవరు ఎవరికి ఏ హక్కు ఇచ్చారో వరుసలుగా వస్తుంది. అలా వచ్చిన జాబితా కొండవీటి చాంతాడంత ఉంది. ఒకే పని చేసే ఇద్దరు ఉద్యోగుల్లో ఒకరికి ఉన్న టేబుళ్లు మరొకరికి లేవు, ఎందుకంటే వారిద్దరూ వేర్వేరు రోజుల్లో వేర్వేరు టికెట్లు పెట్టారు. శాఖ మారిన మనిషికి పాత శాఖ హక్కులు అలాగే ఉండి, కొత్త శాఖవి వాటి మీద చేరాయి. రెండేళ్ల కిందట సంస్థ విడిచి వెళ్లిన వారి లాగిన్లు కూడా బతికే ఉన్నాయి.

ఆ లాగిన్లను ఎందుకు తొలగించలేదో తొలగించబోయినప్పుడు అర్థమైంది. డ్రాప్ రోల్ అనగానే, ఈ రోల్ మీద ఆధారపడిన వస్తువులు ఉన్నాయి కనుక తొలగించలేనని పోస్ట్‌గ్రెస్ చెబుతుంది. పేరుపేరునా ఇచ్చిన ప్రతి గ్రాంటూ అలాంటి ఒక ఆధారమే. వందల టేబుళ్ల మీద వందల గ్రాంట్లు ఉన్న లాగిన్‌ను తీసేయడం కష్టమని, ఒకరి తర్వాత ఒకరు వదిలేస్తూ వచ్చారు. దీనికి మార్గం ఉంది, కానీ దాని క్రమం ప్రాణం లాంటిది. ముందుగా రీఅసైన్ ఓన్డ్ అనే ఆజ్ఞతో ఆ మనిషి పేరున ఉన్న టేబుళ్లను, ఇతర వస్తువులను మరో రోల్‌కు మార్చాలి. ఆ తర్వాతే డ్రాప్ ఓన్డ్ ఇవ్వాలి. అది మిగిలిన గ్రాంట్లను తీసేస్తుంది, అయితే ఇంకా ఆ పేరున టేబుళ్లేవైనా ఉంటే వాటినీ తొలగిస్తుంది. క్రమం తప్పితే డేటా పోతుంది. పైగా ఈ రెండు ఆజ్ఞలూ మనం కనెక్ట్ అయి ఉన్న డేటాబేస్‌లోని వస్తువులకే పనిచేస్తాయి కనుక, అదే సర్వర్‌లో మరికొన్ని డేటాబేస్‌లు ఉంటే ఒక్కోదానిలోకీ వెళ్లి మళ్లీ ఇవ్వాలి. అన్నీ అయ్యాకే డ్రాప్ రోల్ ఒప్పుకుంటుంది. నేను ఆ పనిని ముందు రోజు బ్యాకప్‌తో నిలబెట్టిన మరో సర్వర్ మీద పూర్తిగా చేసి చూసుకుని, తర్వాతే అసలు పని నడిచే ప్రొడక్షన్ సర్వర్ మీద చేశాను.

హక్కు పొందినవారు దాన్ని మరొకరికి ఇవ్వగలగడం, ఇచ్చినవారి హక్కును తీసేసినప్పుడు కింద ఉన్నవారివీ పోవడం అనే ఆలోచన చాలా పాతది. ఐబీఎం శాన్ హోసే పరిశోధనశాలలో సిస్టమ్ ఆర్ డేటాబేస్ మీద పనిచేసిన ప్యాట్రిషియా గ్రిఫిత్స్, బ్రాడ్‌ఫర్డ్ వేడ్ 1976లో ప్రచురించిన పరిశోధనా పత్రంలో ఈ గ్రాంట్ (ఇవ్వడం), రివోక్ (తీసేయడం) పద్ధతిని వివరించారు. మనం ఈరోజు కొట్టే ఆజ్ఞలకు ఆధారం అదే. నా అనుభవంలో, పొందిన హక్కును మరొకరికి ఇవ్వనిచ్చే విత్ గ్రాంట్ ఆప్షన్ అన్న ఆ తోకను ఎవరికీ ఇవ్వకపోవడమే మేలు. మా జాబితాలో ఒకచోట అది ఉంది. ఆ ఒక్కరి హక్కు తీయబోతే, దీని మీద ఆధారపడిన హక్కులు ఇంకా ఉన్నాయని పోస్ట్‌గ్రెస్ ఆపింది. క్యాస్కేడ్ అంటే అందరివీ పోతాయి, అనకపోతే ఎవరిదీ పోదు. ఆ గొలుసులో ఎవరెవరు ఉన్నారో కాగితం మీద గీసుకుంటేగాని తేలలేదు.

ఇక కొత్త ఏర్పాటు. పోస్ట్‌గ్రెస్‌లో 2005 నాటి 8.1 వెర్షన్ నుంచి యూజరు, గ్రూపు అన్న తేడా లేకుండా రెండూ రోల్ అన్న ఒకే వస్తువుగా ఉన్నాయి. లాగిన్ అయ్యే వీలున్న రోల్‌ను మనం యూజర్ అని పిలుస్తాం, అంతే. నేను ముందుగా టేబుళ్లన్నిటికీ ఒకే ఓనర్‌గా ఉండే రోల్‌ను పెట్టాను. దానికి లాగిన్ లేదు, పాస్‌వర్డ్ లేదు. టేబుళ్లు తయారుచేసే మైగ్రేషన్ లాగిన్‌కు ఆ ఓనర్ రోల్‌లో సభ్యత్వం ఇచ్చాను. అయితే సభ్యత్వం ఉన్నంత మాత్రాన కొత్త టేబుల్ ఓనర్ రోల్ పేరున పుట్టదు, తయారుచేసిన లాగిన్ పేరునే పుడుతుంది. ముందు సెట్ రోల్ అని ఆ వేషంలోకి మారాలి. మనుషులు ఇది మరచిపోతారు కాబట్టి, ఆల్టర్ రోల్ ద్వారా ఆ లాగిన్ కనెక్ట్ కాగానే ఓనర్ రోల్‌లోకి మారేలా స్థిరపరిచాను. ఇప్పుడు డిఫాల్ట్ ప్రివిలేజెస్‌ను ఒక్క ఓనర్ రోల్‌కు చెబితే చాలు.

ఆ తర్వాత స్కీమాలు. వెయ్యి టేబుళ్లూ పబ్లిక్ అనే ఒకే స్కీమాలో గుట్టగా పడి ఉండేవి. రుణాలు, వసూళ్లు, ఖాతాదారుల గుర్తింపు వివరాలు, శాఖల జీతభత్యాలు అని వాటిని విడదీశాను. ఒక్కో స్కీమాకు చదివే రోల్ ఒకటి, రాసే రోల్ ఒకటి. రుణాలు_చదువు, రుణాలు_రాత అన్నట్టుగా పేర్లు. వీటికే గ్రాంట్లు ఉంటాయి. మనుషులకు నేరుగా ఏ టేబుల్ మీదా గ్రాంట్ ఉండదు, ఈ రోల్స్‌లో సభ్యత్వం మాత్రమే ఉంటుంది. ఒకరు శాఖ మారితే రెండు సభ్యత్వాలు తీసి మరో రెండు ఇస్తే పని అయిపోతుంది. సంస్థ విడిచి వెళితే డ్రాప్ రోల్ ఒక్క మాటకే ఒప్పుకుంటుంది, ఎందుకంటే ఆ పేరు ఏ టేబుల్ గడిలోనూ లేదు.

స్కీమా మీద యూసేజ్ హక్కు, అంటే అందులోకి ప్రవేశం, ఇవ్వకుండా టేబుల్ మీద ఎన్ని హక్కులు ఇచ్చినా వృథా అని ఇక్కడే చెప్పాలి. వచ్చిన ఎర్రర్‌లో స్కీమా అని ఉందా, టేబుల్ అని ఉందా అని చూసుకుంటే సగం సమయం మిగులుతుంది. అలాగే వరుస సంఖ్యను తనంతట తానే నింపుకునే సీరియల్ రకం గడి ఉన్న టేబుల్‌లో కొత్త వరుస చేర్చాలంటే దాని వెనుక ఆ సంఖ్యలు ఇచ్చే సీక్వెన్స్ మీద కూడా యూసేజ్ ఉండాలి. అదే పని చేసే, వెర్షన్ 10లో వచ్చిన ఐడెంటిటీ గడులకు ఆ అవసరం లేదు.

గడుల (కాలమ్‌ల) వారీగా అనుమతులు ఇవ్వవచ్చు కదా అని కొందరు అడిగారు. వెర్షన్ 8.4 నుంచి ఆ వీలుంది, కానీ నేను దానికి దూరంగా ఉన్నాను. టేబుల్ మొత్తం మీద సెలెక్ట్ ఉన్న మనిషికి ఫోన్ నంబరు గడి మీద మాత్రం రివోక్ చేస్తే ఏమీ జరగదు, ఎర్రర్ కూడా రాదు, అతను ఆ నంబరు చదువుతూనే ఉంటాడు. తాళం వేశామన్న నమ్మకం మనకు మిగులుతుంది, తలుపు మాత్రం తెరిచే ఉంటుంది. దానికి బదులు ఫోన్ నంబరు, పాన్, ఆధార్ సంఖ్యల గడులు లేని వ్యూలను (టేబుల్‌లో ఎంచిన భాగాన్నే చూపేవాటిని) రిపోర్టుల స్కీమాలో తయారుచేసి, అసలు టేబుళ్ల స్కీమాలోకి రిపోర్టుల వారికి ప్రవేశం లేకుండా చేశాను. వ్యూ సాధారణంగా తన ఓనర్ హక్కులతో కింది టేబుళ్లను చదువుతుంది కాబట్టి ఇది కుదురుతుంది. 2022 నాటి వెర్షన్ 15లో సెక్యూరిటీ_ఇన్వోకర్ అనే మీట వచ్చింది. దాన్ని వేస్తే వ్యూను అడిగినవారి హక్కులతోనే చదువుతుంది కనుక, ఏ వ్యూకు ఏది కావాలో ఆలోచించి పెట్టుకోవాలి.

ఫోన్ నంబర్ల విషయంలో నేను ఇంత పట్టుదలగా ఉండటానికి కారణం ఉంది. 2020 డిసెంబరులో తక్షణ రుణాల యాప్‌ల వేధింపులపై హైదరాబాదు పోలీసులు అరెస్టులు చేసినప్పుడు, అప్పు తీసుకున్నవారి బంధువులకు, స్నేహితులకు ఫోన్లు చేసి అవమానించిన సంగతులు రోజూ పత్రికల్లో చదివాం. ఆ నంబర్లు చేరింది యాప్‌ల ద్వారా. కానీ ఎక్కడో ఒక డేటాబేస్ టేబుల్‌లో ఉన్న నంబర్లను ఎందరు చదవగలరన్న ప్రశ్న అక్కడ కూడా ఉంది. మా టేబుళ్లలో ఉన్నవి కూరగాయల బండి కోసమో కుట్టుమిషను కోసమో అప్పు తీసుకున్నవారి నంబర్లు. మా మేనత్త కూడా అలాంటి ఒక సంస్థలో అప్పు తీసుకుంది. ఆమె నంబరు వరుసను ఇరవై మంది చదవగలగడం నాకు ఇష్టం లేదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం తగిన భద్రతా చర్యలు తీసుకోని సంస్థలకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా ఉండవచ్చని చెబుతోంది. పైవారిని ఒప్పించడానికి ఆ అంకె ఉపయోగపడింది. నాకు మేనత్త చాలు.

గుర్తుంచుకోవలసిన రంధ్రాలు మరికొన్ని ఉన్నాయి. పబ్లిక్ అనే రోల్ పేరుతో ఇచ్చిన హక్కు డేటాబేస్‌లోని ప్రతి ఒక్కరికీ వెళుతుంది. వెర్షన్ 15కు ముందు పబ్లిక్ స్కీమాలో ఎవరైనా టేబుళ్లు తయారుచేయగలిగేవారు. 15లో దాన్ని తీసేశారు, కానీ పాత డేటాబేస్‌ను అప్‌గ్రేడ్ చేసి తెచ్చుకుంటే పాత అనుమతులే వెంట వస్తాయి. కొత్త వెర్షన్‌లో ఉన్నాం కదా అని నిశ్చింతగా ఉండకూడదు. ఫంక్షన్ల సంగతి ఇంకా సూక్ష్మం. కొత్తగా తయారైన ప్రతి ఫంక్షన్‌నూ నడిపే హక్కు అందరికీ తనంతట తానే వస్తుంది. అది రాకుండా డిఫాల్ట్ ప్రివిలేజెస్‌తో రివోక్ చేయాలనుకుంటే, స్కీమా పేరు చెప్పకుండా చేయాలి. స్కీమా పేరు చెప్పి చేసిన రివోక్ ఏ ఎర్రరూ చూపకుండా ఏ ప్రభావమూ లేకుండా పోతుంది, ఎందుకంటే స్కీమా స్థాయి డిఫాల్టులు పై స్థాయి వాటికి హక్కులను చేర్చగలవే తప్ప తగ్గించలేవు. ఇది తెలుసుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఇక పీజీ_రీడ్_ఆల్_డేటా అని వెర్షన్ 14 నుంచి ఒక సిద్ధమైన రోల్ ఉంది. టేబుళ్లన్నిటినీ గంపగుత్తగా చదివే హక్కు అది. బ్యాకప్ లాగిన్‌కు దాన్ని ఇచ్చాను, మరెవరికీ ఇవ్వలేదు.

రాత్రిపూట ఒక టేబుల్‌ను డ్రాప్ చేసి మళ్లీ తయారుచేసే డేటా లోడింగ్ ప్రోగ్రామ్‌లు ఉంటే, డ్రాప్‌తో పాటు గ్రాంట్లూ పోతాయి. ఓనర్ రోల్ మీద డిఫాల్టులు సరిగా ఉంటే తిరిగి వస్తాయి. వీలైనచోట డ్రాప్‌కు బదులు ట్రంకేట్ చేసి, అంటే టేబుల్‌ను ఉంచి ఖాళీ చేసి, నింపమని మా వారికి చెప్పాను.

మైఎస్‌క్యూఎల్ అనే మరో డేటాబేస్ వాడేవారికి ఈ బాధ కొంత తక్కువ. అక్కడ డేటాబేస్ పేరు, చుక్క, నక్షత్రం అని గ్రాంట్ ఇస్తే రేపటి టేబుళ్లకు కూడా అది వర్తిస్తుంది. అయితే ఆ డేటాబేస్ పేరులోని అండర్‌స్కోర్ ఏ అక్షరానికైనా సరిపోతుందని, 8.0లో వచ్చిన రోల్స్‌ను ఇచ్చాక యాక్టివేట్ కూడా చేయాలని గుర్తుంచుకోవాలి.

ఇదంతా ఒకసారి సరిచేసి వదిలేస్తే ఏడాదిలో మళ్లీ పాత స్థితికి వస్తుందని నాకు తెలుసు, అర్ధరాత్రి అత్యవసరమని ఎవరో ఒకరు నేరుగా గ్రాంట్ ఇస్తారు, దాన్ని తీయడం మరచిపోతారు. అందుకే ఏ రోల్‌కు ఏ స్కీమాలో ఏ హక్కు ఉండాలో ఒక ఫైల్‌లో రాసి, మార్పుల చరిత్రను దాచే గిట్‌లో పెట్టాను. మార్పు కావాలంటే ఆ ఫైల్ మార్చి, మరొకరి ఆమోదం తీసుకోవాలి. రోజూ తెల్లవారుజామున ఒక స్క్రిప్టు అసలు అనుమతులను విడగొట్టి ఆ ఫైల్‌తో పోల్చి, తేడా ఉంటే మెయిల్ పంపుతుంది. ఇదికాక, వారానికొకసారి ఒక్కో రోల్ వేషంలోకి మారి నిజంగా చదివి చూసే పరీక్ష ఉంది. చదవగలగాలి అన్నవాటిని పరీక్షించడం అందరూ చేస్తారు. చదవలేకపోవాలి అన్నవాటిని, అంటే రిపోర్టుల రోల్ గుర్తింపు వివరాల టేబుల్‌ను అడిగినప్పుడు తప్పనిసరిగా తిరస్కారం రావాలన్నదాన్ని కూడా పరీక్షించాలి. మా పరీక్షల్లో ఎక్కువ భాగం ఇటువంటివే.

నేను ఆ సంస్థ నుంచి మారేనాటికి 43 టేబుళ్లు పాత ప్రోగ్రామ్ లాగిన్ పేరుననే మిగిలిపోయాయి. ఓనర్‌ను మార్చడం క్షణంలో అయ్యే పనే గాని, దానికి ఆ టేబుల్ మీద పూర్తి లాక్ కావాలి. పగటిపూట పొడవైన రిపోర్టు ఒకటి నడుస్తుంటే మన ఆజ్ఞ దాని వెనుక ఆగుతుంది, తర్వాత వచ్చేవన్నీ మన వెనుక ఆగుతాయి. అంతేకాక ఓనర్ మారగానే పాత లాగిన్‌కు ఓనర్‌గా ఉన్న హక్కులు కొత్త ఓనర్‌కు వెళ్లిపోతాయి కాబట్టి, ముందుగా ఆ లాగిన్‌కు రాసే రోల్‌లో సభ్యత్వం ఇచ్చి ఉండాలి. నా తర్వాత వచ్చిన అమ్మాయికి ఆ 43 పేర్లు, లాక్ కోసం ఎదురుచూసే గడువైన లాక్_టైమౌట్‌ను రెండు సెకన్లకు పెట్టి ఆదివారం రాత్రి ఒక్కోదాన్నీ మార్చే స్క్రిప్టు ఇచ్చి వచ్చాను. ఒకటో తేదీ ఉదయం తొమ్మిదికి ఫోన్ వస్తే నాకు చెప్పమన్నాను. ఇంతవరకు రాలేదు.